విడ్జెట్ల అమరిక

విడ్జెట్ల అమరిక అనగా కంప్యూటరు తెరపై కనిపించే ఒక కంటెయినరు లోపల బొత్తాములు, పేరుపట్టీలు, రాతగడులు, జాబితాలు మొదలైన పిల్ల విడ్జెట్లలో ఏది ఎక్కడ ఉండాలో, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు తీసుకోవాలో నిర్ణయించే పద్ధతి. ఈ పని చేసే ప్రోగ్రాము భాగాన్ని టీకే టూల్‌కిట్‌లో జామెట్రీ మేనేజరు అనీ, జావా, క్యూట్, జీటీకే వంటి వాటిలో లేఅవుట్ లేదా లేఅవుట్ మేనేజరు అనీ పిలుస్తారు. ఈ వ్యాసంలో దానిని అమరిక నిర్వాహకం అని వ్యవహరించడమైనది.

ఈ పద్ధతులన్నింటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. పిల్ల విడ్జెట్టు తనకు ఎంత చోటు కావాలో మాత్రమే తెలుపుతుంది. ఎంత చోటు ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో కంటెయినరు తరఫున అమరిక నిర్వాహకం నిర్ణయిస్తుంది. విండో పరిమాణం మారినా, అక్షరాల సైజు పెరిగినా, ఆంగ్లంలో ఉన్న పేర్లు తెలుగులోకి మారినా తెర చెదరకుండా ఉండటానికి ఈ పని విభజనే కారణం.

ప్రాథమిక భావనలు

గ్రాఫికల్ ఇంటర్‌ఫేసులో కనిపించే ప్రతి వస్తువునూ విడ్జెట్ అంటారు. ఒక ప్రోగ్రాములోని విడ్జెట్లన్నీ వంశవృక్షం వలె ఏర్పడి ఉంటాయి. ప్రధాన విండో ఈ వృక్షానికి మూలం. దానిలోని ఫ్రేములు దానికి పిల్లలు. ఒక ఫ్రేములోని బొత్తాములు ఆ ఫ్రేముకు పిల్లలు. ఈ విధంగా తనలో ఇతర విడ్జెట్లను ఇముడ్చుకోగల విడ్జెట్టును కంటెయినరు అంటారు.

పిల్ల విడ్జెట్టు స్థానాన్ని కంటెయినరు ఎడమ పైమూల నుండి పిక్సెళ్ళలో కొలుస్తారు. ఆ మూలయే మూలబిందువు. దాని నిరూపకాలు (0, 0). ఎక్స్ విలువ కుడివైపుకు, వై విలువ కిందివైపుకు పెరుగుతాయి. పాఠశాలలో గ్రాఫు కాగితంపై వై విలువ పైకి పెరుగుతుంది కనుక కొత్తగా నేర్చుకొనేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. కంటెయినరును జరిపితే దానిలోని పిల్లలు కూడా దానితోపాటే జరుగుతాయి, కాని కంటెయినరు లోపల వాటి నిరూపకాలు మారవు. కంటెయినరు అంచు దాటిపోయిన భాగం సాధారణంగా తెరపై కనిపించదు.

స్థిర నిరూపకాల పద్ధతి

ప్రతి విడ్జెట్టుకూ ప్రోగ్రామరే స్థానాన్ని, పరిమాణాన్ని అంకెలలో ఇవ్వడం అన్నింటికంటె సులభమైన పద్ధతి. 1984లో వచ్చిన మాకింతోష్‌లో డైలాగు పెట్టెలను ఈ విధంగానే వర్ణించేవారు. 1991లో వచ్చిన విజువల్ బేసిక్‌లో బొత్తామును మౌసుతో లాగి కావలసిన చోట వదిలితే దాని నిరూపకాలు నమోదయ్యేవి. ఇందులో సాధారణ కొలత ట్విప్. అంగుళానికి 1440 ట్విప్పులు. విండోను పెద్దది చేసినపుడు లోపలి విడ్జెట్లను సర్దే పనిని ప్రోగ్రామరే విడిగా వ్రాసుకోవలసి వచ్చేది.

ఈ పద్ధతిలో గీసిన తెర గీసినవారి కంప్యూటరులో చక్కగా కనిపిస్తుంది. ఇబ్బంది ఇతరుల కంప్యూటర్లలో మొదలవుతుంది. ఇందుకు ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

* వాడుకరి విండోను పెద్దది చేస్తే కుడివైపు, కిందివైపు ఖాళీ స్థలం మిగిలిపోతుంది. చిన్నది చేస్తే ఆ వైపున ఉన్న విడ్జెట్లు కనిపించకుండా పోతాయి.
* వేరే కంప్యూటరులో ఫాంటు వేరుగా ఉండవచ్చు, లేదా చూపు మందగించినవారు అక్షరాల సైజును పెంచుకొని ఉండవచ్చు. అప్పుడు అదే మాటకు ఎక్కువ చోటు కావాలి.
* ప్రోగ్రామును మరొక భాషలోకి అనువదించినపుడు మాటల పొడవు, అక్షరాల ఎత్తు మారుతాయి.

మైక్రోసాఫ్ట్ విండోస్ డైలాగు పెట్టెలలో ఈ ఇబ్బందిని కొంతవరకు తగ్గించడానికి పిక్సెళ్ళకు బదులు ఫాంటుపై ఆధారపడిన కొలతలను వాడారు. అడ్డంగా ఒక కొలత అక్షరపు సగటు వెడల్పులో నాలుగవ వంతు, నిలువుగా ఒక కొలత అక్షరపు ఎత్తులో ఎనిమిదవ వంతు. దీనివలన ఫాంటు పెరిగినపుడు డైలాగు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాని మాట పొడవు పెరిగితే ఈ ఏర్పాటు కూడా ఉపయోగపడదు.

కోరిక, కేటాయింపు

అమరిక నిర్వాహకం సాధారణంగా రెండు దశలలో పనిచేస్తుంది.

మొదటి దశ కింది నుండి పైకి నడుస్తుంది. ప్రతి పిల్ల విడ్జెట్టు తనకు కావలసిన పరిమాణాన్ని తెలుపుతుంది. బొత్తాము తనపై వ్రాసిన మాటను, ఫాంటును, అంచు మందాన్ని బట్టి దానిని లెక్కగడుతుంది. కంటెయినరు తన పిల్లల కోరికలన్నింటినీ కలిపి తన కోరికగా పై కంటెయినరుకు తెలుపుతుంది. చివరకు ప్రధాన విండోకు కావలసిన పరిమాణం తేలుతుంది.

రెండవ దశ పై నుండి కిందికి నడుస్తుంది. విండోకు వాస్తవంగా లభించిన స్థలాన్ని అది తన పిల్లలకు పంచుతుంది. ఒక్కొక్క కంటెయినరు తనకు వచ్చిన వాటాను తిరిగి తన పిల్లలకు పంచుతుంది.

ఉదాహరణకు ఒక వరుసలో 60 పిక్సెళ్ళ వెడల్పు, 20 పిక్సెళ్ళ ఎత్తు గల పేరుపట్టీ, దాని పక్కన 120 పిక్సెళ్ళ వెడల్పు, 24 పిక్సెళ్ళ ఎత్తు గల రాతగడి ఉన్నాయనుకుందాం. వెడల్పులను కూడాలి, ఎత్తులలో పెద్దదానిని తీసుకోవాలి. కనుక ఆ వరుసకు 180 వెడల్పు, 24 ఎత్తు కావాలి. ఈ వరుస కింద 80 వెడల్పు, 30 ఎత్తు గల బొత్తాము ఉంటే ఈసారి ఎత్తులను కూడి, వెడల్పులలో పెద్దదానిని తీసుకోవాలి. మొత్తం విండోకు 180 వెడల్పు, 54 ఎత్తు అవసరమవుతాయి. విడ్జెట్ల మధ్య వదిలే ఖాళీని ఇందులో లెక్కించలేదు.

కోరిన దానికంటె ఎక్కువ స్థలం లభిస్తే మిగులును ఎవరికివ్వాలి, తక్కువ లభిస్తే ఎవరికి తగ్గించాలి అన్నవి రెండు ముఖ్యమైన ప్రశ్నలు. వివిధ అమరిక నిర్వాహకాల మధ్య తేడాలు ఎక్కువగా ఈ ప్రశ్నలకు అవి ఇచ్చే సమాధానాలలోనే ఉన్నాయి.

చరిత్ర

డోనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థలో పుటలోని ప్రతి అంశమూ ఒక పెట్టె. పెట్టెల మధ్య సాగగల, కుదించుకోగల ఖాళీని జిగురు అంటారు. 1980లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ లింటన్, ఆయన సహచరులు తయారుచేసిన ఇంటర్‌వ్యూస్ టూల్‌కిట్ ఈ పెట్టె, జిగురు భావనను తెరపై విడ్జెట్లకు వర్తింపజేసింది.

1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎక్స్ విండో వ్యవస్థ ప్రారంభమైంది. దాని 11వ సంచిక 1987లో వెలువడింది. దానితోపాటు అభివృద్ధి చెందిన ఎక్స్‌టీ గ్రంథాలయంలో పిల్ల విడ్జెట్టు తన పరిమాణాన్ని తానే మార్చుకోరాదు. మాతృ విడ్జెట్టును అభ్యర్థించాలి. దానికి మాతృ విడ్జెట్టు అవుననో, కాదనో, దాదాపు అనో సమాధానమిస్తుంది. దాదాపు అన్నప్పుడు తాను ఇవ్వగలిగిన పరిమాణాన్ని కూడా సూచిస్తుంది. అయితే ఎక్స్‌టీలో ప్రతి కంటెయినరు రకానికీ ఒక నిర్ణీత అమరిక పద్ధతి ఉండేది. పద్ధతి మార్చాలంటే కంటెయినరునే మార్చవలసి వచ్చేది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో జాన్ ఔస్టర్‌హౌట్ టీసీఎల్ భాషను, దానికి అనుబంధంగా టీకే టూల్‌కిట్‌ను రూపొందించాడు. టీకేను వివరించే పత్రం 1991లో వెలువడింది. ఇందులో అమరిక నిర్వాహకాన్ని కంటెయినరు నుండి విడదీశారు. ఒకే రకమైన ఫ్రేములో ఏ పద్ధతినైనా వాడవచ్చు. 1996లో వచ్చిన టీకే 4.1లో గ్రిడ్ అనే నిర్వాహకం చేరింది. యూనిక్స్‌తోపాటు విండోస్, మాకింతోష్‌లపై కూడా టీకే పనిచేయడం ఈ సంచికతోనే మొదలైంది. మూడు వ్యవస్థలలో ఫాంట్లు, బొత్తాముల ఆకారాలు వేరువేరుగా ఉంటాయి కనుక అంకెలతో స్థానాలు ఇచ్చే పద్ధతి అక్కడ ఏమాత్రం సరిపోదు.

అదే 1996లో వెలువడిన జావా మొదటి సంచికలోని ఏడబ్ల్యూటీ గ్రంథాలయం కూడా అమరికను కంటెయినరు నుండి వేరుచేసి, ఫ్లో, బోర్డర్, గ్రిడ్, కార్డ్, గ్రిడ్‌బ్యాగ్ అనే లేఅవుట్లను అందించింది.

టీకేలో అమరిక

టీకేను టీసీఎల్ భాషతో మాత్రమే కాక పైథాన్ భాషలో టీకింటర్ అనే మాడ్యూలు ద్వారా కూడా వాడవచ్చు. పైథాన్ నేర్చుకొనే విద్యార్థులు చాలామందికి విడ్జెట్ల అమరిక ఇక్కడే మొదటిసారి పరిచయమవుతుంది. టీకేలో మూడు ముఖ్యమైన అమరిక నిర్వాహకాలు ఉన్నాయి.

ప్యాక్

ప్యాక్ పద్ధతిని దీర్ఘచతురస్రాకారపు చేనును ఒకరి తరువాత ఒకరికి పంచడంతో పోల్చవచ్చు. మొదటివారు ఏదో ఒక గట్టు పొడవునా తమకు కావలసినంత వెడల్పు గల ముక్కను తీసుకుంటారు. మిగిలిన చేనులో రెండవవారు మరొక గట్టువైపు నుండి తీసుకుంటారు. ఇలా చివరివరకు సాగుతుంది. విడ్జెట్టు పైవైపు, కిందివైపు, ఎడమ, కుడి అంచులలో ఏ అంచుకు చేరాలో సైడ్ అనే ఐచ్ఛికం తెలుపుతుంది. ఏమీ చెప్పకపోతే పై అంచును తీసుకుంటుంది.

ఉదాహరణకు 300 పిక్సెళ్ళ వెడల్పు, 200 పిక్సెళ్ళ ఎత్తు గల విండోలో నాలుగు విడ్జెట్లను ఈ క్రమంలో అమర్చారనుకుందాం.

* 30 ఎత్తు గల పనిముట్ల పట్టీ పై అంచుకు. మిగిలిన స్థలం 300 × 170.
* 20 ఎత్తు గల స్థితిపట్టీ కింది అంచుకు. మిగిలిన స్థలం 300 × 150.
* 80 వెడల్పు గల జాబితా ఎడమ అంచుకు. మిగిలిన స్థలం 220 × 150.
* రాత భాగం మిగిలిన 220 × 150 స్థలమంతా తీసుకుంటుంది.

విండోను 200 × 100కు తగ్గిస్తే పట్టీలు రెండూ తమ ఎత్తును, జాబితా తన వెడల్పును నిలుపుకుంటాయి. రాత భాగానికి 120 × 50 మిగులుతుంది. చోటు తగ్గినపుడు క్రమంలో చివర ఉన్న విడ్జెట్టు ముందుగా నష్టపోతుంది.

అందువలన ప్యాక్‌లో క్రమం చాలా ముఖ్యం. పై ఉదాహరణలో జాబితా లేదనుకొని, 150 ఎత్తు కోరే రాత భాగాన్ని పై అంచుకు ముందుగా చేర్చి, స్థితిపట్టీని చివరకు వదిలితే 100 పిక్సెళ్ళ ఎత్తు గల విండోలో పనిముట్ల పట్టీకి 30, రాత భాగానికి 70 పోగా ఏమీ మిగలదు. స్థితిపట్టీ తెరపై కనిపించదు. ప్రోగ్రాములో తప్పు లేకపోయినా పట్టీ మాయమైందని విద్యార్థులు తికమకపడేది ఇటువంటి సందర్భంలోనే. చిన్నవైనా తప్పక కనిపించవలసిన విడ్జెట్లను ముందుగా, ఎంతైనా సర్దుకోగల పెద్ద విడ్జెట్టును చివరగా ప్యాక్ చేయడం దీనికి పరిష్కారం.

ఎక్స్‌పాండ్, ఫిల్ అనే రెండు ఐచ్ఛికాల మధ్య తేడాను కూడా గ్రహించాలి. ఎక్స్‌పాండ్ అంటే మిగులు స్థలంలో విడ్జెట్టు వాటాకు భాగం కోరడం. ఫిల్ అంటే తన వాటాకు వచ్చిన స్థలాన్ని విడ్జెట్టు నిండుగా ఆక్రమించడం. మొదటిది ఇచ్చి రెండవది ఇవ్వకపోతే వాటా పెరుగుతుంది గాని విడ్జెట్టు పెరగక ఆ వాటా నడుమ నిలిచిపోతుంది. నడుమ కాక ఒక పక్కకు చేర్చడానికి యాంకర్ అనే ఐచ్ఛికం ఉంది.

గ్రిడ్

గ్రిడ్ పద్ధతిలో కంటెయినరును అడ్డవరుసలు, నిలువువరుసలుగా విభజించి ఒక్కొక్క గడిలో ఒక్కొక్క విడ్జెట్టును ఉంచుతారు. వరుసల లెక్క 0 నుండి మొదలవుతుంది. ఒక నిలువువరుస వెడల్పు అందులోని విడ్జెట్ల కోరికలలో అన్నింటికంటె పెద్దదానికి సమానం. ఒక విడ్జెట్టు అవసరమైతే పక్కపక్కన ఉన్న అనేక గడులను ఆక్రమించవచ్చు. పేరు, చిరునామా, పిన్‌కోడు వంటి వివరాలు నింపే దరఖాస్తు తెరలకు ఈ పద్ధతి అనువైనది. ఎడమవైపు పేరుపట్టీలలో ఏది పొడవైనదైనా కుడివైపు రాతగడులన్నీ ఒకే తిన్నని గీతలో మొదలవుతాయి.

మిగులు స్థలం పంపకాన్ని వెయిట్ అనే విలువ నిర్ణయిస్తుంది. సాధారణంగా ఇది 0, అనగా వరుస పెరగదు. పేరుపట్టీల వరుస 60, రాతగడుల వరుస 120 పిక్సెళ్ళు కోరాయనుకుందాం. విండో వెడల్పు 180 నుండి 300కు పెరిగితే మిగులు 120. రాతగడుల వరుసకు మాత్రమే వెయిట్ 1 ఇస్తే మిగులంతా దానికే చేరి దాని వెడల్పు 240 అవుతుంది. రెండు వరుసలకు 1, 3 చొప్పున ఇస్తే మిగులు 30, 90గా పంచబడి వెడల్పులు 90, 210 అవుతాయి. వెయిట్ మిగులుకు వర్తిస్తుందే గాని మొత్తం వెడల్పుకు వర్తించదని ఈ లెక్క వలన తెలుస్తుంది.

గడి పెరిగినంత మాత్రాన అందులోని విడ్జెట్టు పెరగదు. అది గడిలోని ఏయే అంచులకు అంటుకొని ఉండాలో ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర దిక్కులతో స్టికీ అనే ఐచ్ఛికంలో తెలపాలి. తూర్పు, పడమర రెండూ ఇస్తే విడ్జెట్టు అడ్డంగా సాగుతుంది.

ప్లేస్

ప్లేస్ పద్ధతిలో నిరూపకాలను నేరుగా ఇవ్వవచ్చు. అయితే పిక్సెళ్ళలోనే కాక కంటెయినరు పరిమాణంలో ఇంత వంతు అని కూడా చెప్పవచ్చు. అడ్డంగా 0.5, నిలువుగా 0.5 అని చెప్పి, విడ్జెట్టు మధ్యబిందువును ఆధారంగా తీసుకొమ్మంటే అది ఎప్పుడూ కంటెయినరు నడిమధ్యలో ఉంటుంది. ఒక విడ్జెట్టుపై మరొకదానిని ఉంచవలసినపుడు, మౌసుతో జరిపే అడ్డుగీతల వంటివి తయారుచేయవలసినపుడు ఇది ఉపయోగపడుతుంది. ఈ పద్ధతిలో పిల్లల కోరిక కంటెయినరుకు చేరదు. కంటెయినరు పరిమాణాన్ని విడిగా ఇవ్వవలసి ఉంటుంది.

తరచుగా ఎదురయ్యే చిక్కులు

* ఫ్రేముకు 300 పిక్సెళ్ళ వెడల్పు ఇచ్చి అందులో ఒక బొత్తామును ప్యాక్ చేయగానే ఫ్రేము బొత్తామంత చిన్నదైపోతుంది. పిల్లల కోరిక కంటెయినరు కోరికగా మారడమే దీనికి కారణం. దీనిని ప్రొపగేషన్ అంటారు. అవసరమైతే ఆ ఫ్రేముకు దీనిని నిలిపివేయవచ్చు.
* ఒకే కంటెయినరులో ప్యాక్‌నూ గ్రిడ్‌నూ కలిపి వాడరాదు. ఒకటి మార్చిన పరిమాణాన్ని మరొకటి తిరిగి మారుస్తూ పోవడం వలన పాత సంచికలలో ప్రోగ్రాము స్తంభించిపోయేది. 2012లో వెలువడిన 8.6 సంచిక నుండి టీకే దీనిని దోషంగా చూపుతుంది. వేరువేరు ఫ్రేములలో వేరువేరు పద్ధతులు వాడటంలో అభ్యంతరం లేదు.
* విడ్జెట్టును సృష్టించిన వెంటనే దాని వెడల్పు ఎంత అని అడిగితే 1 అని సమాధానం వస్తుంది. టీకే ప్రతి మార్పుకూ వెంటనే లెక్క వేయదు. ప్రోగ్రాముకు తీరిక దొరికినపుడు మార్పులన్నింటికీ కలిపి ఒకేసారి లెక్క వేస్తుంది. లెక్క ముగిసిన తరువాతనే సరియైన విలువ లభిస్తుంది.
* విడ్జెట్టును సృష్టించినా మూడు నిర్వాహకాలలో ఏదో ఒకదానికి అప్పగించకపోతే అది తెరపై కనిపించదు.

ఇతర టూల్‌కిట్లలో

జీటీకే: గింప్ అనే చిత్రాల ప్రోగ్రాము కోసం బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ దీనిని ప్రారంభించారు. మొదటి స్థిర సంచిక 1998లో వెలువడింది. అడ్డపెట్టె, నిలువుపెట్టె, పట్టిక అనేవి ఇందులో మొదటి నుండి ఉన్న ముఖ్య కంటెయినర్లు. 2011లో వచ్చిన 3.0 సంచికలో విడ్జెట్టు తన వెడల్పును బట్టి ఎత్తును కోరే వీలు కలిగింది. పొడవైన వాక్యం ఇరుకైన చోట రెండు మూడు పంక్తులుగా విరిగినపుడు ఇది అవసరం. 2020లో వచ్చిన 4.0 సంచికలో కంటెయినరు అనే మూల తరగతిని తొలగించి, పిల్లలను కలిగి ఉండే వీలును విడ్జెట్టుకే ఇచ్చి, అమరిక బాధ్యతను లేఅవుట్ మేనేజరుకు అప్పగించారు.

క్యూట్: నార్వేకు చెందిన హావార్డ్ నూర్డ్, ఐరిక్ షాంబె-ఎంగ్ రూపొందించిన ఈ టూల్‌కిట్ 1995లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఇందులో ప్రతి విడ్జెట్టుకూ కోరుకొనే పరిమాణంతోపాటు ఒక పరిమాణ విధానం కూడా ఉంటుంది. బొత్తాము నిలువుగా పెరగనవసరం లేదు. రాతగడి అడ్డంగా ఎంత చోటు ఇచ్చినా తీసుకుంటుంది. ఇటువంటి స్వభావాలు ముందే నిర్ణయించి ఉండటం వలన ప్రోగ్రామరు వ్రాయవలసినది తగ్గుతుంది.

విండోస్ ఫారమ్స్: 2002లో డాట్‌నెట్‌తోపాటు వచ్చింది. స్థిర నిరూపకాలు ఇందులోనూ ఉన్నా, డాక్, యాంకర్ అనే రెండు గుణాలు చేరాయి. వీటిలో డాక్ టీకేలోని ప్యాక్‌ను పోలి ఉంటుంది. యాంకర్ విడ్జెట్టుకు, కంటెయినరు అంచుకు మధ్య దూరాన్ని స్థిరంగా నిలుపుతుంది.

నిబంధనల పద్ధతి: ఈ బొత్తాము ఆ బొత్తాముకు కుడివైపున ఉండాలి, రెండింటి వెడల్పు సమానంగా ఉండాలి వంటి నిబంధనలను సమీకరణాలుగా, అసమీకరణాలుగా తీసుకొని సాధించడం మరొక మార్గం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ బోర్నింగ్, ఆయన సహచరులు 1990ల చివరలో రూపొందించిన కసోవరీ విధానం ఇందులో ప్రసిద్ధమైనది. ఆపిల్ సంస్థ 2011లో మాక్ కంప్యూటర్లలో, 2012లో ఐఫోన్లలో ప్రవేశపెట్టిన ఆటో లేఅవుట్ దీనిపై ఆధారపడినది.

తెలుగు లిపి, అనువాదం

అమరిక నిర్వాహకాల అవసరం తెలుగులోకి అనువదించిన ప్రోగ్రాములలో స్పష్టంగా కనిపిస్తుంది. గ్నోమ్, కేడీఈ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరులను ఔత్సాహికులు తెలుగులోకి అనువదించారు. గ్నోమ్ జీటీకేపై, కేడీఈ క్యూట్‌పై ఆధారపడినవి. అనువాదకులు మాటలను మాత్రమే మారుస్తారు. బొత్తాముల నిరూపకాలను ముట్టుకోనవసరం లేదు.

ఆంగ్లంలో నాలుగు అక్షరాలుండే సేవ్ అనే మాటకు తెలుగులో భద్రపరచు అని వ్రాస్తే వెడల్పు పెరుగుతుంది. వెడల్పు కంటె ఎత్తు మరింత ముఖ్యం. తెలుగులో గుడి, ఏత్వం వంటి గుర్తులు అక్షరం పైన చేరుతాయి. ఒత్తులు, కొన్నిచోట్ల రెండేసి, కింద చేరుతాయి. దస్త్రం అనే మాటలో సకారం కింద తకార, రకారాల ఒత్తులు ఉన్నాయి. అందువలన రోమను లిపికి సరిపోయే ఎత్తు తెలుగు పంక్తికి చాలదు. విడ్జెట్టు తన కోరికను లెక్కించేటపుడు పంక్తి పై భాగం, కింది భాగం ఎంతెంత అని ఫాంటునే అడుగుతుంది కనుక, ఎత్తును అంకెలలో బిగించకుండా ఉంటే తెలుగు అక్షరాలకు కావలసిన చోటు దానంతటదే లభిస్తుంది.

ఎత్తును బిగించిన గడిలో ఒత్తులు తెగిపోయే ప్రమాదం ఉంది. ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. ఒత్తు కనిపించకపోతే కొత్త అనే మాట కొత అవుతుంది, వడ్డి అనే మాట వడిగా మారుతుంది. బ్యాంకు లెక్కల తెరపై ఇది అర్థాన్నే మార్చివేస్తుంది. ఆంగ్లంలో తెరను పరీక్షించి చూసినవారికి ఈ లోపం ఎప్పటికీ కనిపించదు.

కుడి నుండి ఎడమకు వ్రాసే భాషల విషయంలో మరొక సౌకర్యం ఉంది. తెలంగాణలో ద్వితీయ అధికార భాషయైన ఉర్దూ ఇటువంటిదే. జీటీకే, క్యూట్‌లలో అడ్డపెట్టెలోని విడ్జెట్ల క్రమాన్ని ఎడమ, కుడి అని కాక మొదలు, చివర అని భావిస్తారు. భాష ఉర్దూ అయినపుడు వరుస మొత్తం అద్దంలో చూసినట్లు తిరగబడి, పేరుపట్టీ కుడివైపున, రాతగడి దానికి ఎడమన వస్తాయి. నిరూపకాలతో గీసిన తెరలో ప్రతి విడ్జెట్టు స్థానాన్నీ తిరిగి లెక్కించవలసి ఉంటుంది.

పరిమితులు

అమరిక నిర్వాహకాలకు కొన్ని పరిమితులు ఉన్నాయి. పెట్టెలో పెట్టె, దానిలో మరొక పెట్టెగా అమర్చినపుడు వేరువేరు పెట్టెలలో ఉన్న విడ్జెట్లను ఒకే గీతలోకి తేవడం కష్టం. అటువంటిచోట గ్రిడ్ మేలు. విడ్జెట్ల సంఖ్య, పెట్టెల లోతు పెరిగినకొద్దీ లెక్కకు పట్టే కాలం కూడా పెరుగుతుంది. నిబంధనల పద్ధతిలో ఒకదానికొకటి విరుద్ధమైన నిబంధనలు ఇచ్చే అవకాశం ఉంది; అందుకే వాటికి ప్రాధాన్య క్రమాన్ని కూడా ఇస్తారు.

అన్ని కోరికలనూ తీర్చలేనంత చిన్న తెరలో ఏ నిర్వాహకమూ చోటును సృష్టించలేదు. ఏది తప్పక కనిపించాలి, ఏది తగ్గవచ్చు అన్నది ప్రోగ్రామరే ఆలోచించి చెప్పాలి. ప్యాక్‌లో క్రమం, గ్రిడ్‌లో వెయిట్, క్యూట్‌లో పరిమాణ విధానం ఆ నిర్ణయాన్ని తెలిపే సాధనాలు. చిత్రలేఖన ప్రోగ్రాములు, ఆటల పటాలు, రేఖాపటాలు వంటి వాటిలో వస్తువు స్థానానికే అర్థం ఉంటుంది కనుక అక్కడ నేరుగా నిరూపకాలు ఇవ్వడమే సరియైన పద్ధతి. ఇందుకోసం టీకేలో కాన్వాస్ అనే ప్రత్యేక విడ్జెట్ ఉంది.

ఇవి కూడా చూడండి

* టీకే
* పైథాన్ (ప్రోగ్రామింగు భాష)
* జీటీకే
* క్యూట్
* ఎక్స్ విండో వ్యవస్థ
* యూనీకోడ్
* తెలుగు లిపి